హోమ్ థియేటర్ కంప్యూటర్‌కు ధ్వని వ్యవస్థ ఎంపిక

ఇంటి హాలులో టీవీకో ప్రొజెక్టర్‌కో కలిపి, సినిమాలు, పాటలు, ప్రసారాలు, వీడియో ఆటలు అన్నింటికీ ఒకే మూలంగా వాడుకునే కంప్యూటర్‌ను హోమ్ థియేటర్ కంప్యూటర్ అంటారు. దాని నుంచి అంకెల రూపంలో బయలుదేరిన సంకేతాన్ని విద్యుత్ తరంగంగా మార్చి, దాని బలం పెంచి, చివరకు గాలిలో కంపనంగా చెవికి చేర్చే పరికరాల సముదాయమే ధ్వని వ్యవస్థ. సౌండ్ కార్డు, కేబుళ్లు, ఆంప్లిఫయర్, స్పీకర్లు ఇందులో కంటికి కనిపించే భాగాలు. కంటికి కనిపిస్తున్నా ఎవరూ లెక్కలో వేసుకోని భాగం మరొకటి ఉంది, అది గది. కొనేవారు సాధారణంగా పెట్టె మీద అచ్చువేసిన వాట్లతో మొదలుపెట్టి, స్పీకర్ల సంఖ్య చూసి, గది సంగతి ఇంటికి తెచ్చుకున్నాక ఆలోచిస్తారు. ధ్వని నాణ్యతను నిర్ణయించే అంశాల వరుస దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. మొదట గది, తర్వాత స్పీకర్లు, వాటి అమరిక, ఆపైన ఆంప్లిఫయర్, అన్నిటికన్నా చివర కంప్యూటర్‌లోని ఎలక్ట్రానిక్ భాగాలు వస్తాయి. అందువల్ల ఈ ఎంపిక చెవి దగ్గర మొదలై కంప్యూటర్ వైపు వెనక్కి నడవవలసిన పని.

చారిత్రక నేపథ్యం

ఒకటికి మించిన స్పీకర్లతో ధ్వనికి దిశ కల్పించే ప్రయత్నం సినిమాతోనే ముడిపడి ఉంది. బ్రిటిష్ ఇంజనీరు అలన్ బ్లమ్లీన్ 1931లో స్టీరియో ధ్వని పద్ధతికి పేటెంట్ దరఖాస్తు చేశాడు. తెర మీద నటుడు ఒక వైపు నుంచి మరో వైపు నడిచినా గొంతు మాత్రం ఒకే చోటి నుంచి రావడమనే లోపాన్ని సరిదిద్దడం ఆయన ఉద్దేశాలలో ఒకటి. 1940లో వాల్ట్ డిస్నీ సంస్థ తీసిన ఫాంటేసియా చిత్రాన్ని కొన్ని థియేటర్లలో ప్రత్యేకమైన బహుళ స్పీకర్ల ఏర్పాటుతో ప్రదర్శించారు. రే డాల్బీ 1965లో స్థాపించిన డాల్బీ లేబొరేటరీస్ 1970ల మధ్యలో తెచ్చిన డాల్బీ స్టీరియో పద్ధతి, 1977 నాటి స్టార్ వార్స్ విజయంతో, ప్రపంచవ్యాప్తంగా థియేటర్లకు చేరింది. అంకెల రూపంలోని ధ్వని 1992లో బ్యాట్‌మన్ రిటర్న్స్ చిత్రంతో డాల్బీ డిజిటల్‌గానూ, 1993లో జురాసిక్ పార్క్ చిత్రంతో డీటీఎస్‌గానూ తెరకెక్కింది. 1996లో జపాన్‌లో విడుదలైన డీవీడీ ఈ అంకెల ధ్వనిని ఇళ్లలో విరివిగా వ్యాపింపజేసింది.

కంప్యూటర్ ధ్వని మరో దారిలో పెరిగింది. 1981 నాటి ఐబీఎం పీసీలో ఉన్నది కూతలు పెట్టడానికి మాత్రమే పనికివచ్చే చిన్న స్పీకర్. సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ టెక్నాలజీ 1989లో తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డుతో సంగీతం, మాటలు కంప్యూటర్‌లో మామూలు విషయమయ్యాయి. ఇంటెల్ 1997లో ఏసీ 97 ప్రమాణాన్ని, 2004లో హై డెఫినిషన్ ఆడియో ప్రమాణాన్ని ప్రకటించాక ధ్వని పరికరం మదర్‌బోర్డులోనే భాగమైపోయి, విడిగా కార్డు కొనవలసిన అవసరం చాలామందికి తప్పింది. 2002లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విండోస్ ఎక్స్‌పీ మీడియా సెంటర్ ఎడిషన్, ఆ తర్వాత వెలువడి 2014లో కోడి అని పేరు మార్చుకున్న ప్లేయర్ ఎక్స్‌బీఎంసీ, కంప్యూటర్‌ను రాతబల్ల మీద నుంచి హాలులోకి తీసుకువచ్చాయి. బ్లూరే డిస్క్ 2006లో వచ్చినా, దానిలోని నష్టరహిత ధ్వనిని, అంటే మూలంలోని ఏ సమాచారమూ పోని ధ్వనిని, కంప్యూటర్ నుంచి యథాతథంగా, సంకేతాన్ని విప్పి స్పీకర్లకు అందించే రిసీవర్‌కు పంపడం 2008లో ఆసుస్ జోనార్ హెచ్‌డీఏవీ కార్డుతోనూ, 2009లో రేడియాన్ హెచ్‌డీ 5000 శ్రేణి గ్రాఫిక్స్ కార్డులతోనూ సాధ్యపడింది. 2012లో బ్రేవ్ చిత్రంతో మొదలైన డాల్బీ అట్మాస్ 2014 నుంచి ఇళ్లకు అందుబాటులో ఉంది. 2022లో విడుదలైన ఆర్ఆర్ఆర్ వంటి తెలుగు చిత్రాలు ఈ పద్ధతిలో ధ్వని మిశ్రమం చేసుకుని వచ్చినవే.

సంఖ్యల భాష

ధ్వని వ్యవస్థలను 2.0, 2.1, 5.1, 7.1 వంటి అంకెలతో పిలుస్తారు. చుక్కకు ముందున్న సంఖ్య మామూలు స్పీకర్లను, చుక్క తర్వాతిది లోతైన ధ్వనులకు కేటాయించిన సబ్ వూఫర్‌ను సూచిస్తుంది. 5.1లో ముందు ఎడమ, ముందు కుడి, మధ్య, ఎడమ సరౌండ్, కుడి సరౌండ్ అనే అయిదు మార్గాలతో పాటు, సుమారు 120 హెర్ట్జ్ లోపు ధ్వనులను మాత్రమే మోసే ఆరో మార్గం ఉంటుంది. పేలుళ్లు, ఉరుములు, ఏనుగుల అడుగుల చప్పుడు వంటివి ఈ మార్గంలో నడుస్తాయి. 5.1.2 అన్నప్పుడు మూడో అంకె తలపై నుంచి వినిపించే స్పీకర్లది. పాత పద్ధతులలో ఏ ధ్వని ఏ స్పీకర్‌కు వెళ్లాలో మిశ్రమం చేసేటప్పుడే ఖాయమవుతుంది. అట్మాస్‌లో మాత్రం కొన్ని ధ్వనులను వస్తువులుగా భావించి, అవి గాలిలో ఎక్కడ ఉన్నాయో స్థాన సమాచారాన్ని జతచేస్తారు. ఇంట్లో ఉన్న స్పీకర్లను బట్టి ఆ ధ్వనిని ఎక్కడి నుంచి పలికించాలో రిసీవర్ అప్పటికప్పుడు లెక్కవేసుకుంటుంది.

వీటన్నింటిలో మధ్య స్పీకర్ పాత్ర ప్రత్యేకమైనది. సినిమాలో సంభాషణలన్నీ దాదాపుగా దానిలోనే నడుస్తాయి, పాటలు, నేపథ్య సంగీతం ఇరుపక్కలా, వెనకా పరుచుకుంటాయి. పాటలు హోరెత్తుతున్నా మాటలు మాత్రం వినబడడం లేదన్న ఫిర్యాదుకు కారణం తరచుగా ఇక్కడే దొరుకుతుంది. కంప్యూటర్ సౌండ్ సెట్టింగ్‌లో 5.1 అని ఎంచుకుని, నిజానికి రెండే స్పీకర్లు తగిలించి ఉంటే, మధ్య మార్గంలోని సంభాషణ చేరవలసిన స్పీకర్ లేక ఆగిపోతుంది. స్టీరియో అని మార్చిన మరుక్షణం, మధ్య మార్గం ధ్వని 3 డెసిబెళ్లు తగ్గి ఎడమ కుడి స్పీకర్లకు సమంగా పంపిణీ అయి, పాత్రల గొంతులు తిరిగి వినిపిస్తాయి. పైసా ఖర్చు లేని ఈ సవరణ తెలియక కొత్త స్పీకర్లు కొనేవారు ఉంటారు.

గది

గది ధ్వనిని రెండు విధాలుగా మారుస్తుంది. మొదటిది ప్రతినాదం, అంటే స్పీకర్ ఆగిన తర్వాత కూడా గోడల మీద పరావర్తనం చెందుతూ గదిలో నిలిచే ధ్వని. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మాటలు అర్థం కాని ఉపన్యాస మందిరాన్ని సరిచేసే బాధ్యతను 1895లో స్వీకరించిన వాలెస్ సాబిన్, పక్కనే ఉన్న సాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలను మోయించి, వాటిని ఒక్కొక్కటిగా పెంచుతూ ధ్వని ఎంతసేపట్లో అణగారుతుందో కొలిచాడు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, మొత్తం శోషణతో భాగిస్తే ప్రతినాద కాలం సెకన్లలో వస్తుందన్న ఆయన సూత్రం నేటికీ వాడుకలో ఉంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాలలోని అపార్టుమెంట్ హాలుకు ఈ సూత్రాన్ని అన్వయిస్తే విషయం స్పష్టమవుతుంది. 4.5 మీటర్ల పొడవు, 3.6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న హాలు ఘనపరిమాణం 48.6 ఘనపు మీటర్లు, గోడలు, నేల, స్లాబు కలిపి ఉపరితలం 81 చదరపు మీటర్లు. టైల్స్ లేదా గ్రానైట్ నేల, సిమెంటు పూత గోడలు, కాంక్రీటు స్లాబు తమపై పడిన ధ్వనిలో సుమారు 3 శాతాన్ని మాత్రమే పీల్చుకుంటాయని అనుకుంటే, ఖాళీ హాలులో ప్రతినాద కాలం 3.2 సెకన్లు. అది గుడి మండపంలో గంట మోగినట్లుండే స్థితి. అదే హాలులో గుడ్డ కవరున్న సోఫా, నేల మీద మందపాటి తివాచీ, కిటికీలకు బరువైన పరదాలు, పుస్తకాల బీరువా చేరి మొత్తం శోషణ 15 యూనిట్లకు పెరిగితే ప్రతినాద కాలం అర సెకనుకు దిగుతుంది. సినిమా సంభాషణ స్పష్టతకు అనువైన స్థాయి ఇంచుమించు ఇదే. ఖరీదైన స్పీకర్ మార్చి సాధించలేని స్పష్టతను ఒక తివాచీ, రెండు పరదాలు సాధించడంలోని రహస్యం ఈ భాగహారమే.

రెండోది అనునాదం. ఎదురెదురు గోడల మధ్య దూరం ఏ ధ్వని తరంగదైర్ఘ్యంలో సగానికి సమానమో ఆ పౌనఃపున్యం దగ్గర గది తానే మోగుతుంది. ధ్వని సెకనుకు 343 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది కనుక పై హాలులో మొదటి మూడు అనునాదాలు పొడవు వల్ల 38, వెడల్పు వల్ల 48, ఎత్తు వల్ల 57 హెర్ట్జ్ దగ్గర ఏర్పడతాయి. ఈ స్థానాలలో బేస్ ఒక చోట చెవులు అదిరేలా, రెండడుగులు జరిగితే అసలు లేనట్లుగా వినిపిస్తుంది. నాలుగు గోడలూ ఒకే పొడవున్న చదరపు గదిలో రెండు అనునాదాలు ఒకే చోట పడి సమస్య రెట్టింపవుతుంది. పలచటి తెరలు, ఫోము ముక్కలు ఇంత పొడవైన తరంగాలను ఆపలేవు. కూర్చునే చోటును వెనక గోడకు ఆనించకుండా కొంత ముందుకు జరపడం, సబ్ వూఫర్‌కు తగిన చోటు వెదకడం మేలైన ఉపాయాలు.

స్పీకర్ వ్యవస్థల రకాలు

మార్కెట్లో దొరికే వ్యవస్థలను అయిదు తరగతులుగా విభజించవచ్చు. మొదటిది లోపలే ఆంప్లిఫయర్ ఉన్న రెండు స్పీకర్ల జత. వీటిని యాక్టివ్ స్పీకర్లు అంటారు. కంప్యూటర్ నుంచి ఒక్క తీగతో పని నడుస్తుంది, పడకగదిలో బల్ల ముందు కూర్చుని చూసేవారికి ఇంతకు మించి అవసరం ఉండదు. రెండోది చిన్న ఉపగ్రహ స్పీకర్లకు సబ్ వూఫర్ జోడించిన 2.1 కిట్. ధర తక్కువ, బేస్ ఎక్కువ అయినా, చిన్న స్పీకర్ పలకలేని మధ్య స్థాయి ధ్వనులను కూడా సబ్ వూఫర్ మీదికి నెట్టడంతో మగ గొంతులు ముద్దగా వినిపించడం వీటిలో తరచుగా కనిపించే లోపం. మూడోది టీవీ కింద పొడవుగా అమరే సౌండ్ బార్. చోటు, తీగల చికాకు తక్కువ. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టే స్వేచ్ఛ లేనివారికి ఇది న్యాయమైన రాజీ. వెనక స్పీకర్లు లేకుండా గోడల పరావర్తనం మీద ఆధారపడి కల్పించే సరౌండ్ భ్రాంతి మాత్రం గది ఆకారాన్ని బట్టి పనిచేయవచ్చు, పనిచేయకపోవచ్చు.

నాలుగోది అన్నీ ఒకే పెట్టెలో వచ్చే 5.1 కిట్. లాజిటెక్ జెడ్ 906 వంటి కిట్లు డాల్బీ డిజిటల్, డీటీఎస్ సంకేతాలను స్వయంగా విప్పుకోగలవు. వీటిలో కంప్యూటర్‌కు అనువైన ఆరు మార్గాల అనలాగ్ ప్రవేశం, ఆప్టికల్ ప్రవేశం ఉంటాయి, హెచ్‌డీఎంఐ ఉండదు. అయిదోది ఏవీ రిసీవర్, విడి స్పీకర్లు. రిసీవర్ అంటే సంకేతాన్ని విప్పే భాగం, హెచ్‌డీఎంఐ మార్పిడి, అయిదు లేదా అంతకు మించిన ఆంప్లిఫయర్లు ఒకే పెట్టెలో ఉన్న యంత్రం. దీని ధర ఎక్కువైనా రెండు ప్రయోజనాలున్నాయి. ఒక స్పీకర్ చెడితే దానిని మాత్రమే మార్చుకోవచ్చు. ఈ ఏడాది రెండు మంచి స్పీకర్లతో మొదలుపెట్టి, వచ్చే ఏడాది మధ్య స్పీకర్, ఆపై ఏడాది సబ్ వూఫర్ చేర్చుకోవచ్చు. ఒకేసారి కొన్న నాసిరకం ఆరు స్పీకర్ల కన్నా మంచివి రెండు మేలు అన్నది ఈ రంగంలో అనుభవజ్ఞులందరూ అంగీకరించే మాట.

అట్మాస్ కోసం స్లాబుకు స్పీకర్లు బిగించలేనివారు, ధ్వనిని పైకి విసిరి కప్పు మీద నుంచి పరావర్తనం చేయించే స్పీకర్లను ఎంచుకుంటారు. చదునైన కాంక్రీటు కప్పు ఇందుకు చక్కగా సరిపోతుంది. వాలుగా ఉండే పెంకుటింటి కప్పు కింద, ధ్వనిని పీల్చే పలకల ఫాల్స్ సీలింగ్ కింద ఈ పద్ధతి ఫలించదు.

వాట్లు, సున్నితత్వం, అవరోధం

స్పీకర్ ఎంత గట్టిగా పలుకుతుందనేది వాట్ల కన్నా దాని సున్నితత్వం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఒక వాట్ విద్యుత్ ఇచ్చినప్పుడు ఒక మీటర్ దూరంలో వినిపించే ధ్వని స్థాయిని సున్నితత్వం అంటారు. ధ్వనిని 3 డెసిబెళ్లు పెంచాలంటే వాట్లను రెట్టింపు, 10 డెసిబెళ్లు పెంచాలంటే పది రెట్లు చేయాలి. ఆ 10 డెసిబెళ్ల పెరుగుదల చెవికి ఇంచుమించు రెట్టింపు గట్టిగా తోస్తుంది. దూరం రెట్టింపైతే ఆరుబయట ధ్వని 6 డెసిబెళ్లు తగ్గుతుంది.

88 డెసిబెళ్ల సున్నితత్వమున్న స్పీకర్‌ను 3 మీటర్ల దూరంలో కూర్చుని వింటున్నారనుకుంటే, ఒక వాట్‌కు చెవి దగ్గర సుమారు 78.5 డెసిబెళ్లు అందుతాయి. సినిమాలో ఒక్కసారిగా వచ్చే గట్టి ధ్వని 95 డెసిబెళ్లకు చేరాలంటే 45 వాట్లు చాలు. థియేటర్ ప్రమాణంలో ఒక్కో స్పీకర్ గరిష్ఠ స్థాయి అయిన 105 డెసిబెళ్లు కావాలంటే మాత్రం సుమారు 450 వాట్లు అవసరమవుతాయి. మూసిన గదిలో గోడల పరావర్తనం తోడవుతుంది కనుక నిజమైన అవసరం దీనికన్నా కొంత తక్కువే. 91 డెసిబెళ్ల స్పీకర్ ఎంచుకుంటే ఈ వాట్లు సగానికి దిగుతాయి. మామూలు హాలుకు ఒక్కో స్పీకర్‌కు నిజమైన 50 వాట్లు ఉన్న ఆంప్లిఫయర్ ఎందుకు సరిపోతుందో ఈ లెక్క చెబుతుంది.

నిజమైన అనే మాటకు ఇక్కడ ప్రాధాన్యం ఉంది. ఆగకుండా ఇవ్వగలిగే సామర్థ్యాన్ని ఆర్ఎంఎస్ వాట్లలో చెబుతారు. భారతదేశంలో టేప్ రికార్డర్ల కాలం నుంచి పెట్టెల మీద వేలలో కనిపిస్తూ వచ్చిన పీఎంపీవో అంకెకు నిర్దిష్టమైన కొలత పద్ధతి లేదు, కాబట్టి దానితో ఏ రెండు వ్యవస్థలనూ పోల్చడం కుదరదు. ఆర్ఎంఎస్ అంకెను కూడా ఎన్ని మార్గాలు ఒకేసారి పనిచేస్తుండగా కొలిచారో చూసి అర్థం చేసుకోవాలి. స్పీకర్ అవరోధం, అంటే ఆంప్లిఫయర్ నుంచి వచ్చే ప్రవాహాన్ని అది ఎంత అడ్డుకుంటుందో తెలిపే ఓమ్‌ల సంఖ్య, రిసీవర్ అనుమతించే కనిష్ఠం కన్నా తక్కువ కాకూడదు. 6 ఓమ్‌ల వరకే అనుమతి ఉన్న రిసీవర్‌కు 4 ఓమ్‌ల స్పీకర్లు తగిలిస్తే అది వేడెక్కి రక్షణ కోసం ఆగిపోవచ్చు.

స్పీకర్ తీగల గురించి ప్రచారమెంత ఉన్నా శాస్త్రం సరళమైనది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 5 మీటర్ల దూరం పోయి రావడానికి కలిగించే నిరోధం 0.12 ఓమ్ లోపే. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అది లెక్కలోకి రానిది. ఇంటి వైరింగ్‌కు వాడే మందమున్న మామూలు రాగి తీగ సరిపోతుంది. ఎరుపు, నలుపు గుర్తులు రెండు చివరలా ఒకేలా కలపడం మాత్రం తప్పనిసరి. ఒక్క స్పీకర్‌కు అవి తారుమారైనా రెండింటి కదలికలు పరస్పరం రద్దయి బేస్ పలచబడుతుంది.

కంప్యూటర్ నుంచి బయటికి మార్గాలు

కంప్యూటర్ నుంచి ధ్వని ప్రధానంగా నాలుగు దారులలో బయటికి వస్తుంది. మదర్‌బోర్డు వెనక రంగుల రంధ్రాలు అనలాగ్ దారి. ఆకుపచ్చ ముందు స్పీకర్లకు, నారింజ మధ్య స్పీకర్‌కు, సబ్ వూఫర్‌కు, నలుపు వెనక స్పీకర్లకు, బూడిద రంగు పక్క స్పీకర్లకు, లేత నీలం బయటి ధ్వనిని లోపలికి తీసుకోవడానికి, గులాబీ మైకుకు కేటాయించారు. మూడు తీగలతో 5.1 కిట్‌ను నేరుగా కలపగలగడం దీని సౌలభ్యం. కంప్యూటర్ లోపలి విద్యుత్ గజిబిజి సన్నని కీచు శబ్దంగా చొరబడే అవకాశం దీని బలహీనత. రెండోది యూఎస్‌బీ. అంకెల నుంచి అనలాగ్‌కు మార్చే డాక్ అనే పరికరాన్ని కంప్యూటర్ పెట్టె బయట ఉంచడం వల్ల ఆ చొరబాటు బాగా తగ్గుతుంది. రెండు స్పీకర్లతో సంగీతం వినేవారికి ఇది మంచి మార్గం.

మూడోది ఎస్పీడిఫ్, అంటే సోనీ, ఫిలిప్స్ సంస్థలు రూపొందించిన అంకెల మార్గం. ఇది రాగి తీగలోనూ, తోషిబా 1983లో తెచ్చిన ఆప్టికల్ తీగలోనూ నడుస్తుంది. ఆప్టికల్ తీగలో కాంతి మాత్రమే ప్రయాణిస్తుంది కనుక విద్యుత్ సంబంధమే ఉండదు. దీని సామర్థ్యం మాత్రం పరిమితం. సెకనుకు 640 కిలోబిట్ల డాల్బీ డిజిటల్, 1,509 కిలోబిట్ల డీటీఎస్ ఇందులో ఇముడుతాయి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల కుదించని ధ్వని ఆరు మార్గాలకు సెకనుకు 69 లక్షల బిట్లు అవసరం కనుక అది ఇందులో పట్టదు. కంప్యూటర్ ఆటలలో అప్పటికప్పుడు పుట్టే 5.1 ధ్వనిని ఈ దారిన పంపాలంటే దానిని డాల్బీ డిజిటల్ లైవ్ లేదా డీటీఎస్ కనెక్ట్ అనే సౌకర్యంతో కుదించాలి. ఆ సౌకర్యం అన్ని మదర్‌బోర్డులలో ఉండదు.

నాలుగోది హెచ్‌డీఎంఐ. ఇది చిత్రాన్ని, 192 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వరకు ఎనిమిది మార్గాల ధ్వనిని ఒకే తీగలో మోస్తుంది. 2006 నాటి 1.3 రూపం నుంచి బ్లూరేలోని డాల్బీ ట్రూ హెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో సంకేతాలను కూడా మోయగలుగుతోంది. కంప్యూటర్ నుంచి రిసీవర్‌కు, రిసీవర్ నుంచి టీవీకి కలపడం శ్రేష్ఠమైన క్రమం. కంప్యూటర్‌ను నేరుగా టీవీకి కలిపి, అక్కడి నుంచి ధ్వనిని వెనక్కి తెచ్చుకోవాలంటే 2009 నాటి ఏఆర్‌సీ సౌకర్యం కుదించిన సరౌండ్ ధ్వనినీ, హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఏఆర్‌సీ నష్టరహిత ధ్వనినీ అనుమతిస్తాయి. బ్లూటూత్‌ను సినిమాలకు ఆశ్రయించడం మంచిది కాదు. అందులో సాధారణంగా రెండు మార్గాలే నడుస్తాయి, పైగా ఆలస్యం అయిదో వంతు సెకను దాకా ఉండవచ్చు. సెకనుకు 24 చిత్రాలు కదిలే సినిమాలో అది సుమారు అయిదు చిత్రాల వెనుకబాటు, కనుక పెదవుల కదలికకు మాటకు పొంతన తప్పుతుంది.

సాఫ్ట్‌వేర్ పాత్ర

మామూలు స్థితిలో విండోస్ అన్ని అనువర్తనాల ధ్వనులను కలిపి, ఒకే నమూనా రేటుకు మార్చి పంపుతుంది. ఆడియో సీడీ సెకనుకు 44,100 నమూనాలతో, డీవీడీ వీడియో సాధారణంగా 48,000 నమూనాలతో ఉంటాయి కాబట్టి ఏదో ఒకదానికి మార్పిడి తప్పదు. వసాపీ అనే మార్గంలోని ఎక్స్‌క్లూజివ్ పద్ధతిని ఎంచుకున్న ప్లేయర్ ఈ కలయికను దాటవేసి, ధ్వనిని ఉన్నదున్నట్లుగా పరికరానికి అందిస్తుంది. కోడి వంటి ప్లేయర్లలో పాస్ త్రూ అనే అమరిక డాల్బీ, డీటీఎస్ సంకేతాలను కంప్యూటర్‌లో విప్పకుండా రిసీవర్‌కు పంపుతుంది. నష్టరహిత ధ్వనిని కంప్యూటర్ విప్పినా రిసీవర్ విప్పినా ఫలితం ఒకటే. అట్మాస్ స్థాన సమాచారం మాత్రం రిసీవర్‌కు చేరాలంటే పాస్ త్రూ అవసరం. ఓటీటీ సేవలను బ్రౌజర్‌లో చూసినప్పుడు బ్రౌజర్‌ను బట్టి స్టీరియో మాత్రమే అందవచ్చు కనుక, 5.1 వ్యవస్థ కొన్నవారు ఆ సేవ ఏ అనువర్తనంలో పూర్తి ధ్వనిని ఇస్తుందో ముందే చూసుకోవాలి.

అమరిక

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు ప్రకారం శ్రోతకు ఎదురుగా మధ్య స్పీకర్, దానికి ఇరువైపులా 30 డిగ్రీల కోణంలో ముందు స్పీకర్లు, 100 నుంచి 120 డిగ్రీల కోణంలో, అంటే చెవులకు కాస్త వెనకగా, సరౌండ్ స్పీకర్లు ఉండాలి. ముందు మూడు స్పీకర్లు ఒకే తయారీ శ్రేణికి చెందితే, తెర మీద వాహనం ఎడమ నుంచి కుడికి దూసుకుపోయినప్పుడు దాని స్వరం మధ్యలో మారిపోదు. టీవీ బల్ల లోపలి అరలో బిగించిన మధ్య స్పీకర్ గొంతు బొంగురుపోతుంది. దానిని అర అంచుకు జరిపి, ముఖం చెవుల వైపు కొంచెం పైకి ఉండేలా వంచాలి.

సబ్ వూఫర్‌కు చోటు వెదకడానికి సులువైన పద్ధతి ఒకటుంది. దానిని కూర్చునే సోఫా మీదే పెట్టి, బేస్ బాగా ఉన్న ఒక పాటను మళ్లీమళ్లీ మోగిస్తూ, గోడల వెంబడి నేల మీద పాకుతూ వినాలి. ఏ చోట బేస్ గుబగుబలాడకుండా సమంగా, ప్రతి దెబ్బా విడివిడిగా వినిపిస్తుందో అక్కడ సబ్ వూఫర్ పెడితే, సోఫాలో కూర్చున్నవారికీ అదే ధ్వని అందుతుంది. మామూలు స్పీకర్లకు, సబ్ వూఫర్‌కు మధ్య సరిహద్దును 80 హెర్ట్జ్ దగ్గర పెట్టడం ఆనవాయితీ. ఆ స్థాయి కింద ధ్వని ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. చాలా రిసీవర్లు మైకుతో గదిని కొలిచి, ప్రతి స్పీకర్ దూరాన్ని, స్థాయిని సరిచేసుకునే సౌకర్యంతో వస్తాయి. ఈ కొలత జరిగే సమయంలో ఫ్యాను, ఏసీ, కంప్యూటర్ ఫ్యాన్ల మోత లేకుండా చూసుకోవాలి. వినేటప్పుడు కూడా కంప్యూటర్ మోత మెత్తటి సన్నివేశాలను మింగేస్తుంది కాబట్టి, నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్లున్న కేబినెట్‌ను ఎంచుకోవడం ధ్వని వ్యవస్థ ఎంపికలో భాగమే.

విద్యుత్, ఇరుగుపొరుగు, చెవి ఆరోగ్యం

స్పీకర్లలో నిరంతరం గుయ్‌మనే శబ్దం వస్తుంటే కారణం తరచుగా ఎర్తింగ్ వలయం. త్రీపిన్ ప్లగ్గుతో ఎర్త్ అయిన కంప్యూటర్, మరో సాకెట్‌కు కలిపిన ఆంప్లిఫయర్, వీధి నుంచి వచ్చే కేబుల్ టీవీ తీగ వేర్వేరు ఎర్త్‌లకు చేరినప్పుడు వాటి మధ్య పారే స్వల్ప ప్రవాహం 50 హెర్ట్జ్ మోతగా వినిపిస్తుంది. పరికరాలన్నింటినీ ఒకే పవర్ స్ట్రిప్‌కు కలపడం, కేబుల్ టీవీ తీగను తీసి పరీక్షించడం, కంప్యూటర్‌కు ఆంప్లిఫయర్‌కు మధ్య ఆప్టికల్ తీగ వాడడం దీనికి మందు. ఎర్త్ పిన్నును విరగ్గొట్టి మోత పోగొట్టుకోవడం ప్రాణాంతకం. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిచే ఆంప్లిఫయర్ కూడా బొయ్యిమంటుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ ఈ ఇబ్బందిని తప్పిస్తుంది.

అపార్టుమెంట్లలో బేస్ స్లాబు గుండా కింది ఇంటికి పాకుతుంది. భారత ప్రభుత్వ 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి వరకు 45 డెసిబెళ్లను పరిమితిగా నిర్దేశించాయి. రాత్రివేళ గట్టి ధ్వనులను తగ్గించి మెల్లటి మాటలను పెంచే నైట్ మోడ్ వాడడం, సబ్ వూఫర్ కింద మందపాటి రబ్బరు మెత్త వేయడం పొరుగువారి నిద్రను కాపాడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన సురక్షిత పరిమితి వారానికి 40 గంటలపాటు 80 డెసిబెళ్లు. స్థాయి పెరిగే కొద్దీ ఆ గంటలు వేగంగా తరిగిపోతాయి.

ఎంపిక క్రమం

పై అంశాలన్నింటినీ కలిపి చూస్తే ఎంపికకు ఒక క్రమం ఏర్పడుతుంది. మొదట గదిని కొలిచి, కూర్చునే చోటును నిర్ణయించి, మెత్తటి సామగ్రితో ప్రతినాదాన్ని అదుపులోకి తేవాలి. వెనక స్పీకర్లకు తీగలు నడిపే వీలుందో లేదో అప్పుడు తేలుతుంది. వీలులేని చోట 5.1 కొని వెనక స్పీకర్లను కూడా టీవీ పక్కనే పేర్చడం కన్నా మంచి స్టీరియో జత లేదా సౌండ్ బార్ ఉత్తమం. రెండో మెట్టులో వినే దూరాన్ని, కావలసిన స్థాయిని బట్టి స్పీకర్ల సున్నితత్వాన్ని, దాని నుంచి ఆంప్లిఫయర్ వాట్లను లెక్కకట్టాలి. ఖర్చులో పెద్ద వాటా స్పీకర్లకే దక్కాలి. రిసీవర్లలో సౌకర్యాలు కొన్నేళ్లకు పాతబడినా, జాగ్రత్తగా వాడుకున్న మంచి స్పీకర్లు దశాబ్దాలు పలుకుతాయి. మూడో మెట్టులో ఆ ఆంప్లిఫయర్‌కు ఏ ప్రవేశాలున్నాయో చూసి కంప్యూటర్ నుంచి దారిని ఎంచుకోవాలి. హెచ్‌డీఎంఐ ఉన్న రిసీవర్ తీసుకుంటే విడిగా సౌండ్ కార్డు కొనవలసిన పని లేదు. దుకాణంలో పరీక్షించేటప్పుడు పేలుళ్ల సన్నివేశం కన్నా, బాగా తెలిసిన ఒక తెలుగు సినిమాలో ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సన్నివేశాన్ని తక్కువ ధ్వనిలో వినడం మేలు. మహాప్రాణాలు, సకార శకారాల తేడాలు, మాట చివర ఊపిరి విడిచిన సవ్వడి కూడా విడివిడిగా చెవికి అందితే ఆ వ్యవస్థ మిగతా ధ్వనులన్నింటినీ మోయగలదని నమ్మవచ్చు.